ఆర్టీమియా సరుకుకు ఉప్పే రక్ష
పలచబడితే పురుగు పడును. మితిమీరితే రాబడి తగ్గును

రొయ్య పిల్లల హేచరీలు వాడే ఆర్టీమియా గుడ్ల లభ్యత చాలావరకు అమెరికాలోని ఒక ఉప్పు సరస్సు నీటిమట్టంపై ఆధారపడి వున్నది. విశాఖ నుంచి నెల్లూరు వరకు తీరం వెంబడి గల హేచరీలు వాడే సరుకులో అధికభాగం దిగుమతే గనుక డీలర్లు, ఏజెంట్లు గమనించదగిన విషయమిది.

ఆర్టీమియా సుమారు సెంటీమీటరు పొడవు పెరిగే ఉప్పునీటి జీవి. దానికి గట్టి పెంకు లేదు, వేగంగా ఈదలేదు. చేపలకు, నీటి పురుగులకు సులువుగా చిక్కుతుంది. కోపీపాడ్లు మేతలో పోటీకి వస్తాయి. దీనికి గల రక్షణ ఉప్పు ఒక్కటే. సముద్రపు నీటిలో లీటరుకు సుమారు 35 గ్రాముల ఉప్పు వుంటుంది. అది 80 నుంచి 100 గ్రాములు దాటితే శత్రువులు, పోటీదార్లు చాలావరకు నిలువలేవు. ఆర్టీమియా నిలుస్తుంది.

యూటా రాష్ట్రంలోని గ్రేట్ సాల్ట్ లేక్ ప్రపంచ విపణికి ప్రధాన సరఫరా కేంద్రం. అక్కడ గుడ్ల సేకరణ అక్టోబరు నుంచి జనవరి వరకు సాగుతుంది. 1980 దశకం మధ్యలో వరుసగా వానలు, మంచు అధికమై సరస్సు పొంగింది. దక్షిణ భాగంలో ఉప్పు లీటరుకు 50 గ్రాముల వరకు పడిపోయింది. అదను చూసుకొని ట్రైకోకోరిక్సా అనే నీటి పురుగు నడి సరస్సులోకి చేరి ఆర్టీమియాను తిన్నది. వాటి సంఖ్య దారుణంగా క్షీణించింది.

2022లో ఇందుకు విరుద్ధంగా జరిగింది. మట్టం రికార్డు స్థాయికి దిగజారి, దక్షిణ భాగంలో ఉప్పు 18 శాతం దాటింది. ఇంతటి ఉప్పు ఆర్టీమియాకే భారం. 1959లో పూర్తయిన రైలుకట్ట సరస్సును రెండుగా చీల్చింది. ఉత్తర భాగపు చిక్కటి ఉప్పునీరు దక్షిణానికి రాకుండా కట్ట గండి వద్ద అడ్డుగట్టు ఎత్తు పెంచవలసివచ్చింది. 2023లో మంచు బాగా కరిగి నీరు చేరాక ఒత్తిడి తగ్గింది.

సరస్సులో మనిషి చేయగలది స్వల్పం. ఉప్పు మడులలో చాలా వున్నది. వియత్నాంలోని విన్ చావ్ మడులలో 1980 దశకం నుంచి శాన్‌ఫ్రాన్సిస్కో జాతి ఆర్టీమియాను వేసవిలో పెంచుతున్నారు. అక్కడి పద్ధతి ఇది: నీటిని సన్నని వలలో వడగట్టి చేప పిల్లలు రాకుండా చూస్తారు. ఎండలో ఉప్పు 80 గ్రాములకు చేరాకనే పిల్లలను ఒకేసారి వదులుతారు. కోళ్ల ఎరువుతో సూక్ష్మ నాచు పెంచుతారు. పీచు నాచు ఆర్టీమియా నోటికి పట్టదు. పైగా ఎరువు లాగేస్తుంది గనుక అడుగు గీకి తొలగిస్తారు. వానలు మొదలై ఉప్పు పలచబడితే సీజను ముగిసినట్లే.

కొనుగోలుదార్లు డబ్బా ధర కాక, పొదిగే శాతం చూడవలె. ఒక డబ్బాలో 90 శాతం, వేరొక దానిలో 70 శాతం పిల్లలయ్యేట్లయితే, మొదటిది 100 రూపాయలకు గిట్టినప్పుడు రెండవది 78 రూపాయలకు మించి విలువ చేయదు. పొదగని గుడ్లు, పెంకులు తొట్టెలో మిగిలి నీటిని పాడుచేయడం అదనపు నష్టం. కనుక ప్రతి లాటు నుంచి నమూనా తీసి, 24 గంటలు పొదిగించి చూశాకనే బేరం ఖాయం చేసుకొనుట మేలు. సేకరణకు ముందు యూటా మంచు, సరస్సు మట్టం వార్తలు కూడా గమనించవలె.