చక్రములపై జంట నాట్యము

శీతలదేశములందు గడ్డకట్టిన నీటిపై జంటలు జారుచు నాట్యమాడుదురు. మన లేపాక్షి మెట్టసీమలో చెరువున నీరు నిలుచుటయే భాగ్యము. ఇక గడ్డకట్టుట యెక్కడిది? అయినను హైదరాబాదువాసియగు యామా అనూప్ కుమార్ పాదరక్షలకు చక్రములు బిగించుకొని, గట్టి నేలపైననే యట్టి విద్యను సాధించెను.

ఇందు జంటపోటీ మిక్కిలి కష్టము. ఇరువురును సంగీతమున కనుగుణముగ ఒక్కరీతిని తిరుగవలెను. పురుషుడు తాను చక్రములపై సాగుచునే తోడి క్రీడాకారిణిని తలకంటె నెత్తుగ లేవనెత్తును. అతని పాదము రవంత తడబడినచో ముందు నేలబడునది ఆమెయే! మార్కులును ఇరువురకు కలిపియే; ఒకరి తప్పునకు ఇరువురును నష్టపడుదురు. (ఇట్టి లెక్కకు మన విద్యార్థు లొప్పుదురా?)

2010లో చైనాలోని గ్వాంగ్‌జౌ ఆసియా క్రీడలయందు చక్రక్రీడలు తొలిసారి చేర్చబడగా, అనూప్ అవనీ పంచాల్‌తో గూడి జంటపోటీలో కాంస్యపతకమును, ఒంటరిపోటీలో మరియొక కాంస్యమును గైకొనెను. 2015లో అతనికి అర్జున పురస్కారము లభించెను.