కోయ తెలుగుకు ఏమవుతుంది?

మహబూబాబాద్ జిల్లా కొత్తగూడ, గంగారం మండలాల్లో గానీ, భూపాలపల్లి జిల్లా పలిమెల వైపు గానీ తిరిగినవాళ్లు కోయ భాష గురించి ఒక మాట తప్పకుండా వినే ఉంటారు: "అదేం భాషండీ, విరిగిన తెలుగే గదా!" దీనికి పూర్తిగా ఎదురు మాట అనేవాళ్లూ ఉన్నారు: "దానికీ తెలుగుకూ సంబంధమే లేదు, అడవి భాష." రెండూ తప్పే. ఎందుకు తప్పో చెప్పాలంటే, రెండు భాషలు చుట్టాలని ఎలా తేలుస్తారో ముందు చూడాలి.

పక్కపక్కన ఉంటే చాలదా?

చాలదు. జనగామ చుట్టుపక్కల తండాల్లో లంబాడీలు తరతరాలుగా తెలుగువాళ్ల మధ్యే ఉన్నారు. ఇంట్లో వాళ్లు మాట్లాడే గోర్ బోలి మాత్రం ఇండో-ఆర్యన్ భాష, రాజస్థానీకి దగ్గరిది. నీళ్లను పాణీ అంటారు. బ్రిటిష్ కాలంలో గ్రియర్సన్ చేయించిన భాషా సర్వేలో లంబాడీ వివరాలు 1907లో అచ్చయిన సంపుటంలో భిల్లు భాషల పక్కన ఉన్నాయి. అదే ఊళ్లలో ఎరుకలవాళ్ల భాష తమిళానికి దగ్గర. అంటే ఒకే ఊళ్లో మూడు వేర్వేరు కొమ్మల మాటలు వినిపించొచ్చు.

జనాభా లెక్కలు కూడా ఈ విషయంలో నమ్మదగ్గ తీర్పరులు కావు. 2011లో లంబాడీ మాతృభాషగా రాయించుకున్న 32 లక్షల పైచిలుకు మందిని హిందీ పద్దులో కలిపేశారు. అది ప్రభుత్వం గీసిన గీత. భాషాశాస్త్రంలో దానికి ఆధారం వెతికితే దొరకదు. అదే లెక్కల్లో కోయకు మాత్రం సొంత పద్దు ఉంది, నాలుగు లక్షల పైచిలుకు మందితో. గోండికి దాదాపు 30 లక్షలు. ఈ రెండూ వేరు భాషలా, ఒకే భాష కొసలా అన్నదే పెద్ద తగవు. కోయలు తమను తాము కోయతోర్ అనుకుంటారు. గోండులూ తమను అదే మాటతో చెప్పుకుంటారు. గోండు అన్నది బయటివాళ్లు పెట్టిన పేరు. అదే గ్రియర్సన్ సర్వే 1906 నాటి సంపుటంలో భాషావేత్త స్టెన్ కొనొ కోయను గోండి మాండలికాల్లోనే వేశాడు. స్టీఫెన్ టైలర్ 1969లో కోయల్లో ఒక శాఖ అయిన గొమ్ము కోయల మాటకు విడిగా వ్యాకరణం రాశాడు. నన్నడిగితే ఇది ఒక గొలుసు. పక్క ఊరి మాట పక్క ఊరికి అర్థమవుతుంది, ఈ చివరి ఊరు ఆ చివరి ఊరికి అర్థం కాదు. ఎక్కడ తెంపాలన్నది భాషకంటే పాలనకు సంబంధించిన ప్రశ్న.

పోలికలు లెక్కపెడితే తేలదా?

తేలదు. ఒకే అంగట్లో కొన్న చీరలు కట్టుకున్నంత మాత్రాన ఇద్దరు ఆడవాళ్లు అక్కాచెల్లెళ్లు కారు. శతాబ్దాలుగా సంతకు, కచేరీకి, బడికి తెలుగే దిక్కయినప్పుడు కోయలోకి తెలుగు మాటలు వందల్లో వస్తాయి. వాటిని లెక్కపెట్టి "ఇంత శాతం తెలుగు" అంటే తేలేది అప్పు ఎంతన్నదే. రక్తసంబంధం అందులో కనపడదు.

అందుకని చూడాల్సింది రెండు విషయాలు. ఒకటి, తేడాలు ఒక క్రమంలో ఉన్నాయా? రెండు, రెండు భాషలూ కలిసి ఒకే మార్పుకు లోనయ్యాయా? పాత రూపాన్ని ఇద్దరూ నిలుపుకోవడం పెద్ద సాక్ష్యం కాదు, తాత ఆస్తి మనవలందరికీ రావచ్చు. మిగతా చుట్టాల్లో లేని కొత్త మార్పు ఇద్దరిలోనూ ఉంటే, ఆ మార్పు జరిగిన రోజున వాళ్లు ఒకే ఇంట్లో ఉన్నారన్నమాట.

"విరిగిన తెలుగు" కాదని ఎలా చెప్పగలం?

చెవి, చెయ్యి చాలు. తెలుగులో చెవి, గోండి-కోయ వైపు కెవి, కన్నడలో కివి. తెలుగులో చెయ్యి, గోండిలో కై, కన్నడ తమిళాల్లోనూ కై. కకారం తర్వాత ఇ, ఎ లాంటి అచ్చు వస్తే నాలుక ముందుకు జరిగి చకారమవడం లోకంలో చాలా భాషల్లో జరిగే పనే. చకారం వెనక్కి నడిచి కకారం కావడం మాత్రం అరుదు. కాబట్టి పాతది క. తెలుగు మారింది, కోయ మారలేదు.

కోయ తెలుగులోంచి విరిగి పడిన ముక్కే అయితే అందులో చెవి ఉండాలి, కెవి ఎక్కడినుంచి వచ్చింది? మహబూబాబాద్ జిల్లాలోనే ఉన్న కొరవిలో పదో శతాబ్దపు తెలుగు శాసనం ఉంది. అప్పటికే తెలుగు చకారం పాతబడింది. కోయ పూర్వీకుల దారి అంతకు చాలా ముందే వేరయింది.

ఇక్కడ ఒక మెలిక ఉంది. తమిళంలోనూ చెవి అనే అంటారు. అయితే తెలుగు, తమిళం కలిసి మారాయా? కాదు, ఎవరికి వాళ్లు విడిగా మారారు. ఇలా సులువుగా ఎక్కడైనా జరిగే మార్పును చుట్టరికానికి సాక్ష్యంగా తీసుకోకూడదు. సాక్ష్యంగా నిలవాలంటే మార్పు కొంచెం వింతగా ఉండాలి.

అంత వింత మార్పు ఏముంది?

తమిళంలో ఉరల్, తెలుగులో రోలు. తమిళంలో ఉళ్ అంటే లోపల, తెలుగులో లో. తమిళంలో ఇళ అంటే లేత, తెలుగులో లే, లేత. తమిళ రాతలో ఇరండు, కన్నడంలో ఎరడు, తెలుగులో రెండు. మొదట్లో ఉన్న అచ్చు వెనక్కి పోయి, రెండో చోట ఉన్న ర, ల, డ లాంటి నాలుకకొస ధ్వని మాట మొదటికొచ్చి కూర్చుంది. ఒక మాటలో జరిగితే పొరపాటనుకోవచ్చు, ఇది డజన్ల కొద్దీ మాటల్లో జరిగింది. ద్రావిడ భాషల్లో మాటలు అసలు ర, ల, డలతో మొదలుకావు. తెలుగులో అలాంటి దేశ్య పదాలు ఇన్ని ఉండటానికి కారణం ఇదే. "తమిళులూ మాటల్లో రెండు అనే అంటారు గదా" అని ఎవరైనా అడగవచ్చు. నిజమే, అది ఈ మధ్య మాట్లాడే తమిళంలో మొదటి అచ్చు జారిపోవడం వల్ల వచ్చింది, వేరే కథ.

ఇదే వింత మార్పు గోండి-కోయలోనూ, అరకు, పాడేరు వైపు కొండ భాషలోనూ, ఒడిశాలోని కుయి, కువి, పెంగోల్లోనూ కనిపిస్తుంది. కోయలో ఇంటిని లోన్ అంటారు. అది మన "లో", తమిళ "ఉళ్" అన్నమాటే. తమిళంలో మరం, పాత తెలుగులో మ్రాను, కుయిలో మ్రహ్ను. అంటే రకారం జరిగి మాట మొదటి హల్లు పక్కకు రావడం కూడా ఈ గుంపులో కనిపిస్తుంది.

దీని ఆధారంగా తెలుగు చోటు వెతికింది ఒంగోలులో పుట్టి ఉస్మానియాలో ఆచార్యుడైన భద్రిరాజు కృష్ణమూర్తి. తెలుగు ధాతువుల మీద 1961లో కాలిఫోర్నియాలో అచ్చయిన పుస్తకంలో ఆయన తెలుగును గోండి, కొండ, కుయి, కువి వైపు కలిపారు. అంతకు ముందు దాకా తెలుగు ఎక్కడిదన్నది తేలని లెక్కగానే ఉండేది. సాహిత్యం ఉంది కాబట్టి తమిళ కన్నడాల పక్కన కూర్చోబెట్టడం చాలామందికి అలవాటు. కొందరు ఆదిలాబాద్ కొలామీ వైపు చూశారు, దానికి కారణమూ ఉంది. తెలుగులో బహువచనం లు, కొలామీలో ల్. ఒక్క స్త్రీ వస్తే తెలుగులోనూ కొలామీలోనూ క్రియ "అది" వర్గంలోకే పోతుంది. ఆమె వచ్చింది, ఆవు వచ్చింది: మన క్రియకు తేడా లేదు.

మరి కొలామీ ఎందుకు కాదు?

"నేను" అన్న మాట చూడండి. కొలామీలో ఆన్. తెలుగులో నేను, కోయలో నన్న, తమిళంలో నాన్. పాత తెలుగులో ఏను కూడా ఉంది, పాత తమిళంలో యాన్ ఉంది. అంటే నకారంతో మొదలయ్యే రూపం తర్వాత పుట్టింది. అది పుట్టిన గుంపులో తెలుగు, కోయ, తమిళం ఉన్నాయి, కొలామీ లేదు. కృష్ణమూర్తి మొదట తెలుగు-గోండి గుంపును కొలామీ ఉన్న మధ్య ద్రావిడంలో భాగంగా చూసి, తర్వాతి దశాబ్దాల్లో తమిళ కన్నడాలున్న దక్షిణ ద్రావిడానికి రెండో కొమ్మగా జరిపారు. 2003లో కేంబ్రిడ్జి వేసిన ఆయన పుస్తకంలో ఉన్నది ఈ పద్ధతే. తాను వేసిన లెక్కను తానే తిరగేసి మళ్లీ వేసిన పండితులు ఎందరుంటారు!

స్త్రీల సంగతి ఇంకా తమాషా. తెలుగులో ఒక్కామె వస్తే "వచ్చింది", పదిమంది ఆడవాళ్లు వస్తే మగవాళ్లతో పాటే "వచ్చిన్రు", ఆవులైతే "వచ్చినయ్". గోండి-కోయల్లో పదిమంది ఆడవాళ్లు వచ్చినా ఆవుల వరసే. కొలామీ కూడా అంతే. అంటే ఈ ఒక్క లక్షణాన్నే నమ్ముకుంటే కోయ కొలామీ వైపు పోతుంది, తెలుగు బహువచనంలో తమిళం వైపు పోతుంది. సాక్ష్యాలు ఇలా అడ్డంగా కోసుకుంటాయి కాబట్టే తగవు ఇంకా పూర్తిగా తీరలేదు. 2018లో 20 ద్రావిడ భాషల మీద కంప్యూటర్ గణనతో చేసిన అధ్యయనం ఈ కుటుంబం వయసు సుమారు 4,500 ఏళ్లని లెక్కగట్టింది. పెద్ద కొమ్మలు ఏది ముందు ఏది వెనక విడిపోయాయో మాత్రం గట్టిగా చెప్పలేకపోయింది.

ఎవరు ముందు విడిపోయారో చెప్పే దారి ఏదైనా ఉందా?

ఉంది, అది చాలా తెలివైన దారి. పైన చెప్పిన వర్ణాల జరుగుబాటు ఒక్కరోజులో అన్ని మాటలకూ పట్టలేదు. శతాబ్దాల పాటు మాట మాటకూ పాకింది. "దున్ను" చూడండి. తమిళంలో ఉఴు. తెలుగులో తన దారిన విడిగా అచ్చు జరిగి దున్ను అయింది. కొండలో, కుయిలో కూడా అచ్చు జరిగింది. గోండిలో మాత్రం ఉకారం ముందే నిలిచి ఉంది. అంటే ఆ మార్పు ఈ మాట దాకా వచ్చేసరికి గోండి ఆ ఇంట్లోంచి వెళ్లిపోయింది.

1983లో కృష్ణమూర్తి, మోజెస్, డాన్‌ఫర్త్ కలిసి 63 మాటలు తీసుకుని, గోండి, కొండ, కుయి, కువి, పెంగో, మండ అన్న ఆరు భాషల్లో ఏ మాట మారలేదో గుర్తించారు. ఆరు భాషలను రెండేసి కొమ్మలుగా చీల్చుకుంటూ పోతే 945 రకాల వంశవృక్షాలు గీయొచ్చు. మారని మాటలతో బాగా పొసిగేది ఏదో కంప్యూటర్‌తో వెతికితే ముందు గోండి, తర్వాత కొండ విడిపోయి, కుయి-కువి ఒక జతగా, పెంగో-మండ ఒక జతగా నిలిచిన చెట్టు వచ్చింది. పాత పద్ధతిలో పండితులు గీసుకున్నదీ అదే.

తెలుగు ఆ ఆరింటికంటే ముందే విడిపోయిందని చూపే మాట ఒకటి నాకు చాలా ఇష్టం. మనకు ఏరు అంటే వాగు, తాగేవి నీళ్లు. కోయలో ఏరు అంటేనే నీళ్లు. కొండలో, కుయిలో, పెంగోలో కూడా నీళ్లకు ఈ ఏరు మాట వారసులే ఉన్నాయి. వాగు పేరు నీళ్ల పేరుగా మారడం వాళ్లందరిలో జరిగింది, మనలో జరగలేదు. ఒక్క మాటతో చెట్టు నిలబడదు గానీ, దారి ఎటో చూపిస్తుంది.

ఎవరూ వినని పాత రూపాన్ని ఎలా రాస్తారు?

ఆరు అన్న సంఖ్య తీసుకోండి. తెలుగులో ఆఱు, తమిళంలోనూ అదే. రెండు పెద్ద సాహిత్య భాషలు ఒకటే చెబుతున్నాయి కాబట్టి పాత రూపం అదే అనుకుంటాం. ఉత్తరాది గోండిలో సారుంగ్ అంటారు. ఈ సకారం ఎక్కడిది? ఉప్పు సంగతీ అంతే. గోండి మాండలికాల్లో సోవర్, హోవర్, ఓవర్ అని ఉత్తరం నుంచి దక్షిణానికి పోతుంటే సకారం హకారమై, చివరికి మాయమైపోతుంది. మాయమయ్యే దారి మన కళ్ల ముందే ఉంది. దాన్ని వెనక్కి నడిపిస్తే మూలంలో చకారం ఉండేదని తేలుతుంది: *చాఱు, *చుప్పు. ముందున్న ఆ నక్షత్రం "ఇది ఎక్కడా రాసి లేదు, లెక్కతో తేల్చింది" అని చెప్పే గుర్తు. వెయ్యేళ్ల సాహిత్యం ఉన్న తెలుగు పోగొట్టుకున్న చకారానికి సాక్ష్యం ఎక్కువగా నోటి మాటగానే బతికిన గోండి దగ్గర దొరికింది. పాల్కురికి సోమన, పోతన పుట్టిన జనగామ నేల మీద నిలబడి ఈ మాట ఒప్పుకోవడానికి కొంచెం పెద్ద మనసు కావాలి.

ఈ లెక్క ఊహాగానం కాదనడానికి ఈశాన్యంలో ఒక పరీక్ష జరిగింది. అరుణాచల్‌లో ఖో-బ్వా అనే చిన్న టిబెటో-బర్మన్ గుంపు ఉంది. దాని పేరే అక్కడి నీళ్లు, నిప్పు అన్న మాటలతో భాషావేత్త వాన్ డ్రీమ్ పెట్టింది. ఆ గుంపులోని పశ్చిమ భాషల్లో ఇంకా సేకరించని మాటలు ఎలా ఉంటాయో బోట్, లిస్ట్ అనే పండితులు ధ్వని సూత్రాలతో ముందే లెక్కగట్టి 2019లో ప్రకటించి, ఆ తర్వాత ఊళ్లకు వెళ్లి అడిగి సరిచూశారు. ఎక్కువ మాటలు సరిపోయాయి. ముందే చెప్పి తర్వాత చూసుకోవడం కంటే నిజాయితీ గల పరీక్ష ఏముంటుంది? కోయకూ ఇలాంటిది చేయొచ్చు.

చేయాలంటే ముందు మాటలు కావాలి. ఎన్నో కోయ గూడేల్లో పిల్లలు తెలుగులోనే మాట్లాడుతున్నారు. భూపాలపల్లి వైపు నాయకపోడు గిరిజనుల ఇళ్లలో ఇప్పుడు వినపడేది తెలుగే. మీరు కొత్తగూడ, గంగారం, పలిమెల బడుల్లో పంతులైతే, లేదా మీ అమ్మమ్మ కోయ మాట్లాడితే, ఫోన్ తీసి రికార్డు చేయండి. "తెలుగులో దీన్ని ఇట్లా అంటారు, మీరేమంటారు?" అని అడగకండి, తెలుగు మాటే తిరిగొస్తుంది. వస్తువు చూపించి అడగండి. సంత మాటలు వదిలేసి ఒంటి భాగాలు, వరసలు, దున్నడం, ఏడ్వడం, తాగడం లాంటి పనులు అడగండి. ఆడవాళ్లంతా వచ్చారన్న వాక్యం ఒకటి తప్పకుండా చెప్పించుకోండి. ఊరి పేరు, చెప్పినవారి వయసు, తేదీ పక్కన రాయండి, వాళ్ల అనుమతి తీసుకునే ఎవరికైనా పంపండి.