మబ్బుల ఛాయాచిత్రములు

వర్షము కొరకు ఆకాశమువంక చూడని దినము మన పల్లెలలో నుండదు. మెదకు జిల్లాలోని పాపన్నపేట ప్రాంతమునే తీసికొందము. అచ్చటి పొలములలో కొన్ని మంజీరానదిపై గట్టిన ఘనపురము ఆనకట్ట కాలువల క్రింద సాగుచుండగా, తక్కినవి చెరువులను, బావులను, వానమబ్బును నమ్ముకొని యున్నవి. మృగశిర కార్తె ప్రవేశించినది మొదలు పడమటి దిక్కున మొగులు పట్టినదా లేదా యని చూడనివారు లేరు. ఇంతగా చూచెడి ఆకాశమును గుర్తుంచుకొనువారు మాత్రము అరుదు. మొన్నటి సాయంకాలము వచ్చిన మేఘమెట్లుండెనని యెవరైన అడిగినచో, నల్లగా నుండెనని మాత్రమే చెప్పగలుగుదుము. ఆ మేఘమును చిత్రముగా పట్టి నిలుపుకొనుట, అందును తఱచుగా కానరాని మేఘరూపములను వెదకి చిత్రించుట, ఒక చక్కని వినోదము. దానిని గూర్చి కొంత ముచ్చటింపదలచితిమి.

మేఘములకు నేడు ప్రపంచమంతట చెల్లుచున్న పేర్లు పెట్టినవాడు వాతావరణ శాస్త్రజ్ఞుడు కాడు. లండను నగరమున మందుల తయారీ వృత్తిలో నుండిన లూక్ హొవార్డు అను నతడు 1802 డిసెంబరులో కొందఱు మిత్రుల సభలో ఒక వ్యాసము చదివెను. వెండ్రుకపాయలవంటి వానిని సిర్రస్ అనియు, కుప్పలుగా పేరుకొనువానిని క్యుములస్ అనియు, పొరవలె పఱచుకొనువానిని స్ట్రాటస్ అనియు, వాన కురియువానిని నింబస్ అనియు లాటిను భాషలో పేర్కొనెను. ఈ నాలుగు మాటలు ఆధారముగానే నేటికిని శాస్త్రజ్ఞులు మేఘములను పేరుపెట్టి పిలుచుచున్నారు. ఔత్సాహికులకు ఈ రంగమున ఆదినుండియు చోటున్నదని చెప్పుటకే యీ మాట యెత్తితిమి.

పేర్లు పెట్టుట సులభమే, చిత్రించుటయే కష్టమైనది. పందొమ్మిదవ శతాబ్దపు ఛాయాచిత్రములను చూచినవారికి ఒక విషయము తోచియుండును. వానిలో కోటలు, కొలువులు, మనుష్యులు అందఱును స్పష్టముగా నుందురు; ఆకాశము మాత్రము తెల్లకాగితమువలె నుండును. హైదరాబాదున లాలా దీన్‌దయాళు చిత్రములు తీయుచుండిన కాలమున ఆకాశమున మబ్బులు లేకపోలేదు. ఆనాటి గాజు ప్లేట్లపై పూసిన మందు నీలికాంతికి మిక్కిలి త్వరగా స్పందించెడిది. నీలాకాశమును తెల్లని మేఘమును దానికి ఒకటే. రెండును తెలుపుగానే పడెడివి. ఈ చిక్కు తీఱక, ఫ్రాన్సు దేశమున గుస్తావ్ లె గ్రే అను ఛాయాగ్రాహకుడు 1850ల చివరలో సముద్రమును ఒక ప్లేటుపై, ఆకాశమును వేఱొక ప్లేటుపై తీసి, రెండింటిని కలిపి ముద్రించెను. తరువాత అన్ని రంగులకు స్పందించు ప్లేట్లు వచ్చినవి. కెమెరా కంటికి పసుపుపచ్చని లేక ఎఱ్ఱని ఫిల్టరు తగిలించినచో నీలికాంతి అడ్డగింపబడి, ఆకాశము నల్లబడి, మేఘము తెల్లగా పైకి తేలును. నలుపు తెలుపు ఫిల్ముతో తీయువారు నేటికిని ఈ యుపాయమునే వాడుదురు.

స్వీడను దేశమున ఉప్సలా వేధశాలకు చెందిన హిల్డెబ్రాండ్సన్ 1879లో మేఘముల వర్గీకరణకు ఛాయాచిత్రములను ఉపయోగించెను. రాల్ఫ్ అబెర్‌క్రోంబీ అను బ్రిటిషువాడు, మేఘములు అన్ని దేశములలో ఒకే తీరున నుండునా లేదా యని తెలిసికొనుటకు కెమెరా చేతబట్టి రెండుమారులు భూప్రదక్షిణము చేసెను. ఒకే తీరున నుండునని తేలినది! ఆ కృషి ఫలితముగా 1896లో అంతర్జాతీయ మేఘపటము ఇంగ్లీషు, ఫ్రెంచి, జర్మను భాషలలో వెలువడినది. జపానులో మసనావో అబే అను ప్రభువు 1920ల చివరనుండి సుమారు పదునైదు సంవత్సరములు ఫ్యూజీ పర్వతమునకు ఎదురుగా కూర్చుండి, దాని శిఖరముపై ఏర్పడు మేఘములను చిత్రించుటయే పనిగా పెట్టుకొనెను. అతడు చూడగోరినది మేఘముకాదు, గాలి. కంటికి కనబడని గాలి పర్వతమునకు తగిలి ఎటు మళ్ళునో మేఘము చూపునని అతని యూహ.

మన హైదరాబాదునకు కూడ ఆకాశమును చిత్రించిన కీర్తి కలదు, కాని అది మేఘములది కాదు. 1901లో స్థాపింపబడిన నిజామియా వేధశాలవారు బేగంపేటనుండి 1914 మొదలు ఎన్నో సంవత్సరములు నక్షత్రముల ప్లేట్లు తీసి, ప్రపంచ నక్షత్రపట్టికకు లక్షలకొలది నక్షత్రముల స్థానములను అందించిరి. ఆ పనిలో మేఘము శత్రువు. మన వినోదమున అదియే అతిథి.

ఇటీవలి కథ ఒకటి చెప్పవలసియున్నది. 2006లో అమెరికాలోని అయోవా రాష్ట్రమున, తిరుగబడిన సముద్రపు కెరటములవలె నున్న యొక మేఘమును ఛాయాచిత్రముగా తీసిరి. ఆ రూపము మేఘపటములో లేదు. ఇంగ్లండులో 2005లో ఏర్పడిన మేఘాభిమానుల సంఘమువారు అట్టి చిత్రములను పలు దేశములనుండి ప్రోగుచేసి, దీనికొక పేరుండవలెనని పట్టుబట్టిరి. 2017 మార్చి 23వ తేదీన ప్రపంచ వాతావరణ సంస్థ ప్రకటించిన క్రొత్త మేఘపటమున "ఆస్పెరిటాస్" అను పేరుతో అది చేరినది. ఒక్క చిత్రముతో ఆ పని కాలేదనునది గమనింపదగిన విషయము. ఎక్కడ, ఏనాడు, ఏ సమయమున తీసినదో తెలిసిన చిత్రములు పెక్కు పోగుపడినందుననే శాస్త్రజ్ఞులు వినిరి.

మఱి పాపన్నపేటలో నిలిచి చూచువారికి ఏమి కనబడును? కటకాకారముతో కదలక నిలుచు మేఘములు పెద్ద పర్వతముల సొత్తు. మెదకు గుట్టలకు అంత శక్తి లేదు. వానిని విడిచినను చూడవలసినవి తక్కువేమియు కావు.

అన్నిటికంటె సులభముగా దొరకునది వరదగుడి. సూర్యునికో చంద్రునికో చుట్టును వలయము కట్టినపుడు మన పెద్దలు గుడి కట్టినదందురు. గుడి దూరముగా నున్న వాన దగ్గఱ యనియు, గుడి దగ్గఱగా నున్న వాన దూరమనియు వారి మాట. ఇందు రెండు వేర్వేఱు సంగతులు కలవు. దూరపు గుడి, ఆఱేడు కిలోమీటర్లకు పైన పలుచగా పఱచుకొనిన సిర్రోస్ట్రాటస్ మేఘములోని మంచుపలుకులు కాంతిని వంచుటవలన ఏర్పడును. మంచుపలుకులకు ఆఱు ముఖములుండుటచే ఈ వలయము ఎల్లప్పుడు సుమారు 22 డిగ్రీల దూరముననే యుండును. చేయి చాచి వ్రేళ్ళు బాగుగా విప్పినచో బొటనవ్రేలి కొసనుండి చిటికెనవ్రేలి కొసవఱకు గల జానయే దాని కొలత. దీని లోపలి అంచు ఎఱ్ఱన. దగ్గఱి గుడి యట్లు కాదు. అది సన్నని నీటిబిందువుల మేఘమువలన చంద్రునికి అంటుకొనినట్లు కొద్ది డిగ్రీలలో ఏర్పడును. దాని వెలుపలి అంచు ఎఱ్ఱన. 2021 మే నెలలో బెంగుళూరునను, జూను ప్రారంభమున హైదరాబాదునను సూర్యుని చుట్టును పెద్ద గుడి కనబడినపుడు వేలమంది దానిని సెల్‌ఫోనులతో తీసిరి. ఆ తరువాత రెండు దినములలో వాన వచ్చినదా రాలేదా యని వ్రాసి పెట్టినవారెందఱు? పెద్దల మాట నిజమో కాదో తేల్చుటకు ఆ ఒక్క వాక్యమే కావలసినది. సమశీతల దేశములలో సిర్రోస్ట్రాటస్ వానకు ముందు నడచుట మెండు. మనకడ ఎక్కడనో కురిసి వెలిసిన ఉఱుముమేఘపు శేషము కూడ అట్లే పఱచుకొనును. కావున ప్రతి గుడియు వాన తెచ్చునని చెప్పజాలము. రెండు మూడేండ్లు ఒకే ఊరిలో గుడులను లెక్కపెట్టినవాడు దీనిపై మాకంటె బాగుగా చెప్పగలడు.

సూర్యుని గుడిని తీయునపుడు సూర్యబింబమును ఏ స్తంభము వెనుకనో, ఆలయశిఖరము వెనుకనో మఱుగుపఱచవలెను. కంటితో తిన్నగా చూడరాదు. అద్దముల కెమెరా రంధ్రమునుండి చూచుట మఱింత ప్రమాదకరము.

రెండవది ఉఱుముమేఘము. చైత్ర వైశాఖములలో మధ్యాహ్నమువఱకు దూదికుప్పలవలె నున్న క్యుములస్ మేఘములు సాయంకాలమునకు కోటలవలె లేచును. ఒక్కొకప్పుడు పైకి దూసికొనిపోవు శిఖరముపై పలుచని తెల్లని టోపీవంటి మబ్బు క్షణకాలము నిలుచును. అయిదాఱు నిమిషములలో మేఘము దానిని మ్రింగివేయును. కావున కెమెరా సిద్ధముగా నున్నవారికే అది దక్కును. మేఘము పదునాలుగు పదునాఱు కిలోమీటర్ల యెత్తునకు చేరినపుడు ఇక పైకి పోలేక కమ్మరి దాగలివలె ప్రక్కలకు పఱచుకొనును. మెదకు చర్చి గోపురము 175 అడుగులు. అట్టి గోపురములు మూడువందలు ఒకదానిపై నొకటి నిలిపిన పదునాఱు కిలోమీటర్లగును. దాగలి యడుగున ఆవు పొదుగులవలె వ్రేలాడు మబ్బులు ఏర్పడుట కలదు. వీనిని మమ్మాటస్ అందురు. అస్తమయకాంతి క్రిందినుండి సోకినపుడు వానిని మించిన దృశ్యము మన ఆకాశమున లేదని మా యభిప్రాయము.

ఇచ్చట పల్లెవారికొక సౌకర్యము కలదు. హైదరాబాదుపై ఉఱుముమేఘము పట్టినపుడు నగరవాసులకు చీకటియు వానయు తప్ప ఏమియు కనబడవు. పాపన్నపేటలోని చెఱువుగట్టుపై నిలిచినవానికి, నడుమ మబ్బులు అడ్డము లేనిచో, అదే మేఘము అడుగునుండి దాగలివఱకు ఆగ్నేయమున పూర్తిగా కనబడును. చేయి చాచి పిడికిలి పట్టినచో దాని వెడల్పు సుమారు పది డిగ్రీలు. ఎనుబది కిలోమీటర్ల దూరముననున్న మేఘపు కొస నేలగీతకు ఒక పిడికిలి యెత్తున నున్నచో, దాని యున్నతి పదునాలుగు కిలోమీటర్లకు పైచిలుకని లెక్క కట్టవచ్చును. హైస్కూలు విద్యార్థి చేయగల లెక్క ఇది.

మేఘము మీదికి వచ్చుచున్నపుడు మాత్రము లెక్కలు కట్టివేయవలెను. వానతో చల్లబడిన గాలి నేలకు దిగి ముందునకు దూసికొనివచ్చుచు, వెచ్చని గాలిని పైకి నెట్టును. అపుడు మేఘమునకు ముందు నల్లని అరుగువంటి వంపుమబ్బు ఒకటి ఆకాశమంతట అడ్డముగా కనబడును. అద్భుతమైన చిత్రమే, కాని దాని వెనుకనే గాలిదుమారమును పిడుగులును ఉండును. జాతీయ నేర గణాంకముల ప్రకారము ఇటీవలి సంవత్సరములలో మన దేశమున పిడుగుపాటుచే ఏటేట రెండువేలమందికి పైగా మరణించుచున్నారు. వారిలో పొలములలో నుండువారే మెండు. మెఱుపునకు ఉఱుమునకు నడుమ మూడు సెకండ్లకు ఒక కిలోమీటరు చొప్పున దూరము. ఆ వ్యవధి ముప్పది సెకండ్లకు తగ్గినచో చెఱువుగట్టును, చెట్టునీడను విడిచి ఇంటిలోనికి పోవలెను. కడపటి ఉఱుము వినబడిన పిదప అరగంటవఱకు వెలికి రాకూడదు. మెఱుపు కనబడకముందే హెచ్చరించు సాధనము మీ యింటిలోనే యున్నది. రేడియోను మీడియంవేవునకు త్రిప్పి, ఏ స్టేషనును లేనిచోట నిలిపినచో, దూరపు మెఱుపులు చిటపటలుగా వినబడును. చిటపటలు దట్టమగుచున్నచో మేఘము సమీపించుచున్నదన్నమాట. ఎఫ్.ఎం. ప్రసారములలో ఇది తెలియదు. సెల్‌ఫోను గలవారికి పూణేలోని ఉష్ణమండల వాతావరణ సంస్థవారి "దామిని" కూడ ఉపయోగపడును.

చిత్రించు విధానమును గూర్చి చెప్పవలసినది కొలదియే. ఖరీదైన కెమెరా అక్కఱలేదు, సెల్‌ఫోను చాలును. మేఘములో మిక్కిలి తెల్లనైన భాగముపై వ్రేలు నొక్కి, వెలుతురు కొంచెము తగ్గించి తీసినచో వివరములు మాసిపోవు. చిత్రముయొక్క అడుగున నేలగీత సన్నని పట్టీవలె తప్పక యుండవలెను. అది లేని చిత్రమున మేఘము ఎంత పెద్దదో, ఎంత వంగినదో తెలియదు. కరెంటు తీగలు లేని చోటు చూచుకొని, వీలైనంతవఱకు ఎల్లప్పుడు ఆ చోటనే నిలువవలెను. తరువాత రంగులు దిద్దు కోరికను అణచుకొనవలెను. ఎక్కడిదో విదేశపు మేఘమును మన ఊరిపై నిన్న కనబడినదని సెల్‌ఫోనులలో పంచిపెట్టు ఈ కాలమున, దిద్దని మూలచిత్రమునకే విలువ. పరులకు పంపిన ప్రతులలో తీసిన సమయము తఱచుగా చెఱిగిపోవును గనుక మూలమును వేఱుగా దాచుకొనవలెను. ఒక నోటుపుస్తకమున తేదీ, గంట, నిలిచిన చోటు, చూచిన దిక్కు, గాలి యెటునుండి వీచినది, ఆ తరువాత ఏమి జరిగినది అను సంగతులు వ్రాసికొనవలెను. ఏమియు జరుగలేదని వ్రాయుట కూడ ముఖ్యమే.

స్వాతి కార్తె దాటిన పిదప ఉఱుముమేఘములు తగ్గును. అపుడు బంగాళాఖాతమున వాయుగుండము పుట్టినచో, తూర్పునుండి వెండిదారములవంటి సిర్రస్ పాయలు ముందుగా వచ్చుటను గమనింపవచ్చును. అట్టి దినములలో తీసిన చిత్రమును భారత వాతావరణ శాఖవారు ప్రకటించు ఇన్‌శాట్ ఉపగ్రహ చిత్రముతో పోల్చి చూచుట మంచి వేడుక. మనము చెఱువుగట్టునుండి చూచిన మబ్బునే అది సుమారు 36,000 కిలోమీటర్ల యెత్తునుండి చూచియుండును. పోల్చునపుడు ఆ చిత్రముపై గ్రీనిచ్చి కాలము మాత్రమే యున్నచో, దానికి అయిదున్నర గంటలు కూడవలెను.