అణువైద్యం – కోనసీమ

అణుశక్తి అనగానే మనకు హిరోషిమా స్ఫురిస్తుంది. అయితే ఆ శక్తియే రోగనిర్ణయానికి, చికిత్సకు ఎట్లు తోడ్పడుతున్నదో పాఠకులకు క్లుప్తంగా వివరింపదలచినాము.

ఎక్స్‌రే ముఖ్యంగా అవయవాల ఆకారాన్ని చూపుతుంది. అణువైద్యం అవి పనిచేసే తీరును చూపుతుంది. అతి స్వల్పమైన రేడియోధార్మిక పదార్థాన్ని రోగి శరీరంలోకి పంపుతారు. అది చేరిన చోటునుండి వెలువడే గామా కిరణాలను గామా కెమెరా గ్రహించి చిత్రంగా మలుస్తుంది. గుండె కండరానికి రక్తం అందుతున్నదా, మూత్రపిండం పనిచేస్తున్నదా, క్యాన్సరు ఎముకకు ప్రాకినదా అనే సంగతులు ఇట్లు తెలుస్తవి.

ఈ పరీక్షలలో అధికభాగం టెక్నీషియం-99ఎం తో జరుగుతున్నవి. దాని అర్ధాయువు 6 గంటలు. అనగా ప్రతి 6 గంటలకు దాని బలం సగమవుతుంది. శరీరంలో ఎక్కువకాలం నిలువదు కనుక రోగికిది మేలు. కాని దూరప్రాంతాలకిదే చిక్కు. హైదరాబాదులో ఉదయం సిద్ధమైన మందు రోడ్డుమార్గాన అమలాపురం చేరేసరికి సగానికి పైగా తరిగిపోతుంది.

దీనికి శాస్త్రజ్ఞులు కనిపెట్టిన ఉపాయం జనరేటరు. అందులోని మాలిబ్డినం-99 అర్ధాయువు 66 గంటలు. అది క్షీణిస్తూ టెక్నీషియంగా మారుతుంటే, పాడి ఆవును పితికినట్లు, ఉప్పునీటితో దానిని ప్రతిదినం తీసుకొనవచ్చును. ఒక్క జనరేటరు సుమారు వారం రోజులు ఉపకరిస్తుంది.

చికిత్సలో అయోడిన్-131 ప్రసిద్ధమైనది. థైరాయిడ్ గ్రంథి అయోడినును సహజంగానే ఆకర్షించుకొంటుంది. అందుండి వెలువడే బీటా కిరణాలు అక్కడి రోగకణాలను నశింపజేస్తవి. దీని అర్ధాయువు 8 రోజులు. కావున ట్రాంబే నుండి బయలుదేరి, గోదావరి పాయలు దాటి రాజోలు చేరినా బలం పెద్దగా కోల్పోదు.

మన దేశంలో 1963లోనే బొంబాయిలో రేడియేషన్ మెడిసిన్ సెంటరు వెలసినది. హైదరాబాదు నిమ్స్, తిరుపతి స్విమ్స్ వంటి సంస్థలలో అణువైద్య విభాగాలు ఉన్నవి. కాని కొత్తపేట కూలీ అంతదూరం పోవలెనన్న, పరీక్ష రుసుముకు తోడు ప్రయాణం, బస, పోయిన కూలి కూడ భరించవలసియున్నది. అంతలో వ్యాధి ముదురుతుంది.

పదార్థం రాగలదు. దానిని అందుకొనుటకు గామా కెమెరా, అణుశక్తి నియంత్రణ మండలి అనుమతి, తర్ఫీదు పొందిన వైద్యుడు, సాంకేతిక నిపుణుడు కావలెను. యంత్రం కొనుట కొద్దినాళ్ళ పని. మనిషిని తయారుచేయుట ఏండ్ల పని. సైన్సు చదివిన పట్టభద్రులకు అణువైద్య సాంకేతిక విద్యలో ప్రవేశమున్నది. ఆ దారిని మన విద్యార్థులకు ఎరుకపరచవలసినదిగా కళాశాల కమిటీ పెద్దలకు మా మనవి.