ట్రాలీ టైర్లు పదేపదే పేలుట: కారణములు, నివారణోపాయములు

ధాన్యము కళ్లము దాటి కొనుగోలు కేంద్రమునకో మిల్లునకో చేరువరకు రైతునకు నిద్ర పట్టదు. పూర్వము ఈ పని ఎడ్లబండి చేయుచుండెను. నేడు ట్రాక్టరు వెనుక కట్టు ట్రాలీ చేయుచున్నది. దీనినే కొన్ని ప్రాంతములవారు ట్రక్కు అందురు. ఎడ్లబండి చక్రమునకు ఇనుపకట్టు ఉండెడిది గనుక అది పేలునను భయము లేకుండెను. ట్రాలీకి గాలి టైర్లు వచ్చిన పిదప బరువు లాగుట సులభమైనది. కాని, గాలి స్వభావము నెరుగక వాడువారికి క్రొత్త చిక్కులును వచ్చినవి. ఒక టైరు పేలినచో దురదృష్టమని ఊరకుండవచ్చును. ఒకే బండికి ఏటేట టైర్లు పేలుచున్నచో అది దురదృష్టము కాదు. దానికి కారణ మేదో ఉండియే తీరవలెను. ఆ కారణమును వెదకు విధమును మా సంఘమునకు కలిగిన అనుభవమును బట్టి సభ్యులకు తెలుపుచున్నాము.

మా సంఘమునకు సభ్యులకు బాడుగకిచ్చు నాలుగు చక్రముల ట్రాలీ యొకటి కలదు. 2023 సార్వా, 2024 దాళ్వా కోతలలో దానికి అయిదు టైర్లు పోయినవి. అందు మూడు వెనుక కుడిచక్రమునవే. మొదటి టైరు పోయినపుడు మేము దారిలోని మేకును నిందించితిమి. రెండవసారి దుకాణదారును నిందించి దుకాణము మార్చితిమి. మూడవసారి టైరు చేసిన కంపెనీని నిందించి వేరొక కంపెనీ టైరు కొంటిమి. నాలుగవది దాళ్వా ధాన్యముతో పోవుచుండగా సాయంకాలము నడిరోడ్డున పేలెను. మారు టైరు తెచ్చులోపల రాత్రియైనది, వాన కురిసినది. పరదా చాలక పై రెండు వరుసల బస్తాలు తడిసినవి. ఆ ధాన్యము ఒక కౌలురైతుది. కొనుగోలు కేంద్రమున తేమ 17 శాతము మించిన ధాన్యమును తీసికొనరు. ఆతడు బస్తాలు విప్పి మరల ఎండబెట్టి, మరల ఎత్తించి, నాలుగు దినములు తిరుగవలసి వచ్చినది. ఎండబెట్టిన కూలిని సంఘనిధి నుండి ఇచ్చితిమి. కాని ఆ నాలుగు దినములలో ఆతడు పడిన యాతనను మేము తీర్చలేకపోతిమి. తరువాతి వారమే అదే చక్రమునకు వేసిన క్రొత్త టైరు కూడ పోయెను. అప్పుడు గాని మాకు ఇతరులను నిందించుట మాని, బండిని పరీక్షింపవలెనను బుద్ధి కలుగలేదు.

ముందుగా నెరుగవలసిన దేమనగా, బరువును మోయునది రబ్బరు కాదు, లోపలి గాలి. గాలి తక్కువైనను, బరువు ఎక్కువైనను టైరు ప్రక్కలు నేలయొద్ద అధికముగా వంగును. చక్రము తిరిగిన ప్రతిసారి ఆ వంపు కలుగుచు, తీరుచు ఉండును. ఇనుప తీగను అటునిటు పలుమారులు వంచినచో వంగినచోట వేడెక్కి తుదకు విరుగును గదా! టైరు విషయమును అట్టిదే. వేడికి లోపలి దారపు పొరలకు రబ్బరుతో గల పట్టు సడలును. అట్లు సడలిన టైరు ఆనాడే పేలవలెనని లేదు. పది దినముల తరువాత, ఖాళీబండితో పోవునపుడైనను పేలవచ్చును. అందుచేతనే అసలు తప్పు మన కంటికి కనబడక, ఆనాటి గులకరాయి మీద నేరము మోపుచుందుము.

ఇక బరువు సంగతి. టైరు ప్రక్కన దాని కొలతతోపాటు అది మోయగల బరువును తెలుపు అంకె ముద్రింపబడి యుండును. 121 అని యున్నచో 1,450 కిలోలు, 126 అని యున్నచో 1,700 కిలోలు, 130 అని యున్నచో 1,900 కిలోలు అని యర్థము. కొన్ని టైర్లపై కిలోల లెక్కయే ఉండును. మా టైర్లు 1,450 కిలోలవి. మేము 75 కిలోల బస్తాలు 60 వేయుచుంటిమి. అవి 4,500 కిలోలు. ఖాళీ ట్రాలీ 1,500 కిలోలు. మొత్తము 6,000. నాలుగు చక్రములకు సమముగా పంచినను ఒక్కొక్క దానికి 1,500 పడును. అనగా లెక్క ప్రకారమే మోత మించినది. నిజముగా చూడగా సమముగానైనను పడుటలేదు. నిండుబండిని వేబ్రిడ్జికి తోలుకొనిపోయి ముందు మొత్తమును, పిమ్మట వెనుక ఇరుసును మాత్రము, తరువాత ఒక ప్రక్క చక్రమును మాత్రము పళ్లెము మీద నుంచి తూచితిమి. వెనుక ఇరుసు మీద 3,400 కిలోలు, అందు కుడిచక్రము మీద 1,900 కిలోలు తేలినవి! కూలీలు వెనుక తలుపు నుండి ఎత్తుచు అక్కడనే ఎక్కువ వరుసలు పేర్చుచుండిరి. దానికితోడు కుడివైపు కట్టలో ఒక పట్టీ విరిగి, బండి ఆ ప్రక్కకు ఒరిగియున్నది. 1,450 మోయవలసిన దానిపై 1,900 వేసి, టైరు మంచిది కాదనుట న్యాయమా?

రెండవది గాలి. కాలితో తన్ని, చేతితో తట్టి గాలి సరిపోయినదనుట మన వాడుక. ఇది పొరపాటు. గట్టి పొరలు గల టైరు సగము గాలితోను నిండుగనే కనబడును. కావున గాలి కొలుచు గేజి యొకటి బండి గలవారు స్వంతముగ ఉంచుకొనవలెను. పూర్తి బరువు వేయునపుడు ఎంత గాలి ఉండవలెనో టైరు మీదనే వ్రాసియుండును. ఆ కొలత చల్లని టైరునకు చెప్పినది. అందుచే ఉదయము బండి కదలకముందే చూడవలెను. మధ్యాహ్నము వేడిమీద చూచి, గాలి హెచ్చినదని కొందరు వదలుదురు. అది ప్రమాదకరము. 27 డిగ్రీల యొద్ద 60 పౌన్లున్న గాలి, టైరు 57 డిగ్రీలకు వేడెక్కినపుడు సుమారు 67 పౌన్లగును. ఇది సహజము. ఆ యేడు పౌన్లు వదలినచో మరునాటి ఉదయమునకు టైరు అంతమేర గాలి లోటుతో బయలుదేరును. వాల్వు మూతను పారవేయుట కూడ తగదు. లోనికి దుమ్ము చేరిన గాలి కొంచెము కొంచెముగా పోవుచుండును.

మూడవది ఇరుసు. ఇరుసు వంకరగా నున్నచో చక్రము దొర్లుచునే ప్రక్కకు ఈడ్వబడును. దీనిని కనుగొనుటకు కొలత టేపు చాలును. ట్రాలీ చట్రము నడుమ ముందువైపున ఒక స్థానమును గుర్తించి, అక్కడి నుండి వెనుక ఇరుసు రెండు కొనలకును కొలువవలెను. రెండును సమముగా నుండవలెను. మా ట్రాలీకి కుడికొన అంగుళమున్నర వెనుకకు జరిగియున్నది. యూ బోల్టులు వదులై, కట్ట నడిమి బోల్టు తెగియుండుటయే దానికి కారణము. చక్రమును పైకెత్తి ఊపిచూచినచో బేరింగుల వదులు కూడ తెలియును.

అరిగిన టైరు తన కథను తానే చెప్పును. రెండు అంచులును అరిగి నడుము మిగిలినచో గాలి తక్కువ, లేక బరువు ఎక్కువ. నడుము మాత్రమే అరిగినచో గాలి ఎక్కువ. ఒక అంచే అరిగినచో ఇరుసు వంగినది. పట్టీల అంచులు ఱంపపు పండ్లవలె గరుకుదేరినచో చక్రము ప్రక్కకు ఈడ్వబడుచున్నది. అక్కడక్కడ మచ్చలుగా అరిగినచో బేరింగు వదులు. కావున పేలిన టైరును పాతసామానువానికి వేయకముందు ఒకసారి త్రిప్పిచూచుట మంచిది.

నాలుగవది వయస్సు. ట్రాలీ ఏటిలో కొద్దినెలలే తిరిగి, తక్కిన కాలము ఎండలో నిలిచియుండును. టైరు అరుగదు గాని ముసలిదగును. అమెరికా మున్నగు దేశములలో కుటుంబములవారు కారు వెనుక చిన్న యిల్లువంటి బండిని కట్టుకొని విహారమునకు పోవుదురు. ఆ బండ్లును ఏడాదిలో చాలకాలము నిలిచియుండునవే గనుక, పట్టీలు క్రొత్తగా కనబడుచుండగనే టైర్లు పేలుట వారికిని అనుభవమే. టైరు ప్రక్కన నాలుగంకెల గుర్తు ఉండును. 3219 అనగా 2019వ సంవత్సరము 32వ వారమున తయారైనదని యర్థము. అయిదేండ్లు దాటిన టైరును ఏటేట పరీక్షింపవలెననియు, పదియేండ్లు నిండినదానిని పట్టీలు మిగిలినను మార్చవలెననియు కొందరు తయారీదారులు చెప్పుచున్నారు. కొనునపుడు ఈ అంకె చూచియే కొనవలెను. పని లేని కాలమున ట్రాలీని నీడలో నుంచి, ఇరుసు క్రింద దిమ్మలు పెట్టి, టైర్లపై బరువు తీసివేయుట మేలు.

మరియొక హెచ్చరిక. గాలి పోయిన టైరుతో కొంతదూరము నడిపినచో, పంచరు వేసినంతమాత్రమున అది బాగుపడదు. ప్రక్కల లోపలి పొరలు నలిగియుండును. అట్టి టైరునకు గాలి పట్టునపుడు అది ఒక్కసారిగా చీలవచ్చును. రింగు గల రిమ్ములలో రింగు సరిగా కూర్చుండనిచో గాలి పట్టునపుడు ఎగిరి ప్రాణములే తీయును. గాలి పట్టువారు చక్రమునకు ఎదురుగా గాక, గొట్టము సాగినంత దూరమున ప్రక్కగా నిలువవలెను. పిల్లలను దగ్గరకు రానీయరాదు. నిండుబండి మీద కూలీలను ఎక్కించుట మొదలే తగదు. టైరు పేలి బండి ఒరిగినపుడు బస్తాలతోపాటు మనుష్యులును పడుదురు.

మేము కట్టను మార్చి, ఇరుసును సరిచేసి, బస్తాలను 45కు తగ్గించి, వాటిని ట్రాలీ పొడవునను వెడల్పునను సమముగా పేర్పించితిమి. ఇపుడు మొత్తము 4,875 కిలోలు. చక్రమునకు సుమారు 1,220. తరువాత 2024 సార్వా, 2025 దాళ్వా కోతలు గడచినవి. ఒక మేకు పంచరు తప్ప వేరు నష్టము కలుగలేదు. దీనికి వెల లేకపోలేదు. 180 బస్తాలకు పూర్వము మూడు తడవలు తిరిగినచో ఇపుడు నాలుగు తిరుగవలెను. ఆ నాల్గవ తడవ డీజిలు కొందరు సభ్యులకు భారముగా తోచి, సమావేశమున అభ్యంతరము చెప్పిరి. రెండు కోతలలో పోయిన అయిదు టైర్ల పద్దును వారి ముందు ఉంచితిమి. మోటారు వాహనముల చట్టమునకు 2019లో జరిగిన సవరణ ప్రకారము మితిమీరిన బరువునకు 20,000 రూపాయలును, అధికమైన ప్రతి టన్నునకు 2,000 రూపాయలును జరిమానా యని కూడ చదివి వినిపించితిమి. పిమ్మట వారును ఒప్పుకొనిరి.

ఇపుడు మా ట్రాలీ బాడుగకు పోవు ప్రతి ఉదయమును గాలి కొలిచి పుస్తకమున వ్రాయుచున్నాము. కోతలకు ముందు ఒకసారి నిండుబండిని చక్రము చక్రముగా తూచి, ఇరుసును టేపుతో కొలుచుచున్నాము. ఈ పనులకు నేర్పరి అక్కరలేదు. ఒక గేజి, ఒక టేపు, ఒక తూకపు చీటి చాలును. స్వంత ట్రాలీలు గల సభ్యులు రానున్న కోతలకు ముందే ఈ పరీక్ష చేసికొనవలెనని కోరుచున్నాము. గేజి లేనివారు సంఘ కార్యాలయమున నున్నదానిని ఉదయవేళ తీసికొనిపోయి, పని తీరినవెంటనే తిరిగి యీయవచ్చును.