బొగ్గుకు తోడు మాంగనీసు

చీపురుపల్లి, గరివిడి ప్రాంత రైతులు మాంగనీసు రాయిని ఎరుగుదురు. ఉక్కు తయారీకి పోయే ఆ ఖనిజానికి విద్యుత్తును నిలవచేసే గుణం కూడా ఉంది.

మోటారుకు ఒక్కసారిగా ఊపు కావలసినచోట వాడే సూపర్ కెపాసిటర్ క్షణాలలో ఛార్జి అవుతుంది. కాని బ్యాటరీ అంత విద్యుత్తు పట్టదు. దాని పలకలకు ఎక్కువగా పూసేది కొబ్బరి చిప్పల బొగ్గు. ఆవిరితో కాల్చి సిద్ధంచేసిన గ్రాము బొగ్గులోని సన్నని రంధ్రాల గోడలన్నీ పరిస్తే పాతిక సెంట్ల నేలకు పైమాటే!

నిలవ పెంచేందుకు 1971లో ఇటలీ శాస్త్రజ్ఞులు చూపిన రుథీనియం ఆక్సైడ్ సామాన్య వాడకానికి గిట్టేది కాదు. చవకైన మాంగనీసు ఆక్సైడ్ కూడా పనికివస్తుందని 1999లో అమెరికాలో లీ, గుడ్‌ఎనఫ్ నిరూపించారు. అయితే అందులో విద్యుత్తు సరిగా పారదు. అందుకే దానిని బొగ్గుపై పలుచగా పట్టిస్తారు. పారుదల బొగ్గుది, అదనపు నిలవ ఆక్సైడ్‌ది.

చిక్కల్లా, వాడగా వాడగా మాంగనీసు కొంత ద్రావణంలో కరిగిపోవడమే. పైగా గని రాయి నేరుగా పనికిరాదు. రసాయనాలతో శుద్ధి చేయవలసిందే.