ఒకే ఇంటి నలుగురు

“ఒకసారి వచ్చిపోయిందిగా, ఇక రాదులెండి.” కొన్నేళ్ళ క్రితం మా అబ్బాయికి జ్వరం తగిలినప్పుడు డాక్టరుగారితో నేను ధీమాగా అన్న మాట ఇది. వాడికి అంతకు రెండేళ్ళ ముందే డెంగ్యూ వచ్చి తగ్గింది. తట్టులాగా ఇదీ జన్మకొక్కసారే వస్తుందని నా లెక్క. “అందుకే ఇప్పుడు ఇంకా జాగ్రత్తగా చూడాలి సార్” అన్నారాయన. కామర్సు చదివిన నాకు ఆ మాట బోధపడడానికి కొంత చదవవలసి వచ్చింది.

డెంగ్యూ వైరస్ ఒకటి కాదు, నాలుగు. ఒక్కొక్కదాని జన్యువు సుమారు 11 వేల అక్షరాల వ్రాత. ఒక లెడ్జరు నుంచి మరో లెడ్జరుకు ఎత్తి వ్రాసేటప్పుడు అంకెలు తారుమారయినట్టే, వైరస్ నకళ్ళలోనూ తప్పులు దొర్లుతాయి. దిద్దే ఆడిటరు దానికి లేడు. అలా ఒకే మూలం నుంచి చీలిన ఈ నలుగురికీ ఇప్పటికీ దాదాపు మూడింట రెండు వంతుల పోలిక ఉంది. మనకు పొరుగున ఉన్న వేలూరులో 1955లో భారతదేశంలోనే మొదటిసారి గుర్తించిన జపనీస్ మెదడువాపు, ఆఫ్రికాలో పుట్టిన జికా, పచ్చజ్వరం వీటి దాయాదులు.

చిక్కంతా ఈ పోలికతోనే. ఒక రకం డెంగ్యూ వస్తే దాని నమూనా సంతకాన్ని శరీరం భద్రపరచుకుంటుంది. ఆ రకం మళ్ళీ రాకుండా జీవితాంతం కాపాడుతుంది. మిగతా మూడింటి నుంచి రక్షణ కొద్ది నెలలే. తర్వాత వేరొక రకం వస్తే, సంతకం ఇంచుమించు కలుస్తుంది గనుక పాత ప్రతిరక్షకాలు దాన్ని పట్టుకుంటాయి గాని అణచలేవు. పైగా కొన్ని కణాల్లోకి అది దూరడానికి అవే దారి చూపుతాయి. రెండోసారి వచ్చిన వారందరికీ ప్రమాదం జరగదు, కాని ప్రమాదావకాశం మాత్రం ఎక్కువ. దాయాదుల పోలిక వల్ల రక్తపరీక్ష కూడా ఒక్కోసారి పొరబడుతుంది.

ఇది పట్నాల జబ్బు అనుకోకండి. మా ధర్మపురి జిల్లాలోని రెండు గ్రామాలలో వచ్చిన డెంగ్యూ గురించి 2002లోనే ఇండియన్ జర్నల్ ఆఫ్ మెడికల్ రీసెర్చ్ వ్యాసం ప్రచురించింది. నీటి ఎద్దడి ఉన్నచోట తొట్లు, డ్రమ్ములు నింపి ఉంచుకోక తప్పదు. పగలు కుట్టే ఈ దోమకు కావలసింది ఆ నిలవ నీరే. గుడ్లు తొట్టి గోడకు అంటుకొని ఎండినా నెలల తరబడి బతుకుతాయి. అందుచేత వారానికొకసారి నీళ్ళు పారబోస్తే చాలదు, గోడలు గట్టిగా రుద్ది కడగాలి, మూత వేయాలి.

మరొక్క మాట. జ్వరం దిగగానే గండం గడిచిందనుకోవద్దు. అప్పుడే కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ళ నుంచి రక్తం, మగత కనిపిస్తే వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి. సొంతంగా ఆస్పిరిన్ మింగకూడదు. ఇంతకుముందు డెంగ్యూ వచ్చి ఉంటే ఆ సంగతి డాక్టరుకు ముందే చెప్పాలి.

మా వాడు అయిదు రోజులు ఆసుపత్రిలో ఉండి క్షేమంగా ఇంటికొచ్చాడు. ఆ ఆదివారం మా పెరటి తొట్టి రుద్దింది నేనే.